ముందు పోయేది ఉరుము

మా ఇంటి ఆడవాళ్ళ చెవుల్లోంచి ముందు పోయేది ఉరుము. తర్వాత లారీల గురగుర, ఆ తర్వాత మగవాళ్ళ గొంతులు. పిట్టల కూతలు, గాజుల గలగల, పసిపిల్లల ఏడుపు ఇంకా కొన్నేళ్ళు ఉంటాయి. చివరికి అవీ పోతాయి.

మా అమ్మ తాజ్‌బీకి ముప్పై రెండో ఏట ఉరుము పోయింది. ఆమెకు ఆ సంగతి తెలియలేదు. మబ్బుకే ఏదో అయిందనుకుంది. "ఈ నడుమ మబ్బు సప్పుడే చేస్తలేదు, ఏం రోగమొచ్చిందో దానికి" అని వాడకట్టులో అందరితో అనేదట. వాన చెప్పాపెట్టకుండా వచ్చి మిద్దె మీద మిరపకాయలు తడిపేస్తే, కిందికి దిగకుండా అక్కడే నిలబడి ఆకాశాన్ని తిట్టేదట. నలభై దాటేసరికి మా నాన్న గొంతు కూడా పోయింది. ఇప్పుడామెకు యాభై ఆరేళ్ళు. మన పెదవులు చూసి మాట అందుకుంటుంది, చూడకపోతే లేదు.

నా చెల్లెలు హీనాకు చిన్నప్పుడు ఉరుమంటే ప్రాణం మీదికొచ్చేది. మెరుపును లెక్కచేసేది కాదు. దాని వెనకాల వచ్చే మోతకే ఏడుపు. పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళో దూరి, నా రెండు చేతులూ లాగి తన చెవుల మీద పెట్టుకునేది. తన చేతులు సరిపోవట. ఇప్పుడు హీనాకు ఇరవై ఏడేళ్ళు. ఆత్మకూరులోనే ఒక చిన్న దవాఖానలో నర్సు. కాన్పుల గదిలో గర్భిణుల కడుపు మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు వింటుంది. ఆ చప్పుడు కూడా ఉరుము జాతిదే, మెత్తని లోతైన చప్పుడు. ఉరుము పోయిన రోజు అదీ పోతుంది.

నా పేరు బుష్రా. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో రక్త పరీక్షల లెక్కలు చేస్తాను. రక్తంలో లెక్కలు ఏముంటాయే అని అమ్మ ఎన్నోసార్లు అడిగింది. నాకు ఓపిక తక్కువ, రెండుసార్లు చెప్పి మూడోసారి విసుక్కునేదాన్ని. పోయిన ఏడాది బక్రీదుకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, ఆమె ఎదురుగా కూర్చుని, పెదవులు నెమ్మదిగా కదుపుతూ ఒక కథలాగా చెప్పాను.

"అమ్మీ, ఆత్మకూరు బస్సుల ఆరుగురు ఎక్కుతరు. యాడ దిగినా ఆరుగురు కలిసే దిగుతరు. వాళ్ళు దిగిన ప్రతి ఊర్ల ఒక కోడి మాయమైతది. దొంగ ఎవరు?"

"ఆరుగురిని తన్నాలె," అంది అమ్మ.

"అట్ల కాదు. దొంగ ఒక్కడే. మిగిలిన ఐదుగురు ఉత్తగ వెంట వస్తున్నరు, పాపం."

"మరి ఎట్ల తెలుస్తది?"

"ఎప్పుడన్న ఒకసారి ముగ్గురు ఒక ఊర్ల దిగి, మిగిలిన ముగ్గురు ఇంకో ఊర్ల దిగితే తెలుస్తది. ఏ ఊర్ల కోడి పోయిందో చూస్తే సరి."

అమ్మ కాసేపు ఆలోచించి, "గంత లెక్కకు పదిహేనేండ్లు చదివినవా?" అంది. నాకు రోషం వచ్చింది కానీ, నిజానికి నా చదువంతా అదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఊరూరా శిబిరాలు పెట్టి మూడు వేల రెండు వందల మంది రక్తం సేకరించాం. ఎవరికి వినబడుతుంది, ఎవరికి వినబడదు అని రాసుకున్నాం. వినబడనివాళ్ళలో ఎక్కువగా కనిపించే జన్యు మార్పులేమిటని వెతికితే ఒకే చోట ఆరు దొరికాయి. ఆరూ పక్కపక్కనే ఉన్న ఒక్కొక్క అక్షరం మార్పు. ఉంటే ఆరూ ఉంటాయి, లేకపోతే ఆరూ ఉండవు. అమ్మలో ఆరూ ఉన్నాయి. నాకు ఒక్కటీ రాలేదు. ఎవరి మీద ఎంత అనుమానపడాలో చెప్పమని కంప్యూటర్‌ను అడిగితే తలా పదహారు, పదిహేడు శాతం పంచి చేతులు దులుపుకుంది.

మూడు వేల రెండు వందల మందిలో ఆ జట్టు విడిపోయి కనిపించింది ఇద్దరిలోనే. ఒకరు బిజినేపల్లి పెంటయ్య. ఆయనలో చివరి మూడే ఉన్నాయి. ఇంకొకరిలో మొదటి మూడే ఉన్నాయి. ఆ ఇంకొకరు మా హీనా. దొంగ మొదటి ముగ్గురిలో ఉంటే హీనా చెవులు పోతాయి. చివరి ముగ్గురిలో ఉంటే జీవితమంతా ఉరుములు వింటుంది. ఆ ఫలితం చూసిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు.

పెంటయ్య కాగితం తీశాను. వయసు అరవై మూడు. వృత్తి వ్యవసాయం. నలభై రెండో ఏట నుంచి చెవుడు. అంటే ఆయన ఊళ్ళో కోడి పోయింది! సేద్యం చేసుకునే మనిషికి నలభై రెండేళ్ళకే చెవుడు రావడం అరుదు కాబట్టి, లెక్క ఆయన కాగితాన్ని గట్టిగా నమ్మింది. అనుమానంలో తొంభై మూడు శాతం చివరి ముగ్గురి మీదికి జరిగింది. హీనా ఒడ్డున పడింది.

ఇలాంటివి ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు. మా సంస్థలో అది మొదటి నియమం. నేను మెట్ల మీదికి పరుగెత్తి హీనాకు ఫోన్ చేశాను.

"తొంభై మూడు హీనా! నూటికి తొంభై మూడు! నీకేం కాదు!"

"అల్హందులిల్లా" అంది హీనా. "నువ్వు పోయి అన్నం తిను ఆపా. తిన్నట్టు లేదు నీ గొంతు." అక్కడితో ఆగకుండా ఏవేవో కబుర్లు చెప్పింది. బీపీ చూసే కొత్త మిషన్ కొనుక్కుందట. పాతదైతే చెవులకు గొట్టం పెట్టుకుని వినాలి, ఇది అంకెలే చూపిస్తుందట. "బద్ధకం ఎక్కువైంది నీకు" అని నవ్వాను.

నా పని చూసే మా మేడం మాత్రం నవ్వలేదు. "ఒక్క మనిషి మీద ఇంత బరువు పెట్టావు. ఆయన చెవిని మిషన్ పెట్టి చూశారా ఎవరైనా?" అంది. చూడలేదు. కాగితం మీద 'వినబడదు' అని ఉంది, అంతే. వెళ్ళి పరీక్ష చేసి రమ్మంది. ఎందుకీ చాదస్తం అని గొణుక్కుంటూ, వినికిడి పరీక్ష చేసే మిషన్ సంచిలో వేసుకుని తెల్లారే బస్సెక్కాను.

మిరుగం కార్తె వచ్చి పది రోజులైంది. జడ్చర్ల తర్వాత పత్తి గింజలు పెట్టిన చేలన్నీ ఎర్రగా, తడిగా కనిపించాయి. కిటికీకి తల ఆనిస్తే కునుకు పట్టింది. నా కునుకులో కూడా అదే బస్సు. వెనక పొడుగు సీటు మీద ఆ ఆరుగురూ కూర్చుని ఉన్నారు. మొదటామె ఒళ్ళో ముడిచిన గొడుగు. రెండో ఆయన మోకాళ్ళ మీద వేరుశనగ మూట. మూడో మనిషి చిన్న పిల్ల, కాళ్ళకు చెప్పుల్లేవు. తర్వాతి ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోతున్నారు. బస్సు చేలల్లోంచి, చెరువు నీళ్ళ మీదుగా చప్పుడు లేకుండా పోతోంది. కండక్టరు వచ్చి "ఎవరమ్మా దొంగ?" అని మర్యాదగా అడిగాడు. నేను నిద్రపోతున్న ముగ్గురినీ చూపించాను. చెప్పుల్లేని పిల్ల నన్నే చూస్తూ వేలు నోటి మీద పెట్టుకుంది. కుదుపుకు మెలకువ వచ్చేసరికి బిజినేపల్లి.

పెంటయ్య ఇల్లు ఊరి చివర. ఆయన కూతురు సరోజ వాకిట్లో చాట పట్టుకుని గింజలు చెరుగుతోంది. నన్ను చూసి, "చెవుల మేడమా? రా అక్కా, రా. నాయినా, పట్నం నుంచి వచ్చిర్రు!" అని అరిచింది. పెంటయ్య నులక మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. సన్నగా, నల్లగా, నవ్వు మొహం. సరోజ అరుపులో ఏం అందిందో గాని, "కూసో బిడ్డా" అన్నాడు.

లోపలి గదిలో ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఆయన చెవులకు మిషన్ పెట్టాను. చప్పుడు వినబడ్డప్పుడల్లా వేలు ఎత్తమని సైగ చేసి చూపించాను. ముందు సన్నని చప్పుళ్ళు వదిలాను, పిట్ట కూతలాంటివి. వేలు కదలలేదు. ఇంకా పెంచాను. సరోజ మంచినీళ్ళిచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఆ చప్పుడు మిషన్ దాటి ఆమెకు కూడా వినబడింది. పెంటయ్య మాత్రం పరీక్ష ఇంకా మొదలుకాలేదన్నట్టు నా మొహం చూస్తున్నాడు. బాగా చెవుడే, అనుకుని లోపల సంతోషపడ్డాను. ఒక మనిషి చెవుడుకు సంతోషపడ్డాను, రాసుకోండి.

తర్వాత లోతు చప్పుళ్ళు వదిలాను. వేలు లేచింది.

తగ్గించాను. లేచింది. ఇంకా తగ్గించాను. కళ్ళు మూసుకుని, నవ్వుతూ, వేలు ఎత్తాడు. నాకు కూడా సరిగా వినబడనంత తగ్గించినా ఎత్తాడు. మా అమ్మకు ముందుగా పోయినవన్నీ ఈయన దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈయనకు పోయినవి వేరే. ఈ చెవుడు మా ఇంటి చెవుడు కాదు.

"పెద్దయ్యా, ఉరుము వినబడతదా?" చేతులతో ఆకాశం చూపిస్తూ గట్టిగా అడిగాను.

"ఉరుమా? అయ్యో, మంచిగ వినబడతది. పిట్టలే వినబడవు. ఫోను మోగేది తెల్వదు."

"ఎట్ల పోయినయి చెవులు?"

ఆయన బదులు సరోజ చెప్పింది. "సొరంగాల పోయినయి అక్కా. ఇరవై రెండేండ్లు తిరిగిండు మా నాయిన. డ్యాములు, సొరంగాలు, యాడ గుట్ట పేల్చాలంటె ఆడ. మందు పెట్టి పేల్చేటోళ్ళల్ల ఉండె. ఒక్కటా రెండా పేలుళ్ళు!"

"కాగితంల వ్యవసాయం అని రాసి ఉన్నదేంది మరి?"

సరోజ నన్ను వింతగా చూసింది. "పని ఏందని అడిగిర్రు. సేద్యమని చెప్పినం. ఎకరం ఉన్నది గదా మాకు. ఊరిడిసి బతకపోయింది పనెట్లయితది?"

ఆ ప్రశ్నల కాగితం తయారుచేసింది నేనే. ఈ గడ్డ మీద పుట్టినదాన్ని. ఏడాదిలో పది నెలలు పరాయి రాష్ట్రాల్లో మట్టి మోసినవాళ్ళు కూడా, నువ్వేం చేస్తావంటే ఇంటి దగ్గరి ఎకరాన్నే చెప్తారని నాకు తెలియదా? మా మేనమామలు చెప్పరా అలాగే? ఎప్పుడైనా బతకపోయారా అని ఒక్క గడి పెట్టి ఉంటే సరిపోయేది. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో రాయడానికి బాగుండదు.

పెంటయ్య మా మాటలు అందకపోయినా సంగతి పట్టేశాడు. "పేల్చినంక గుట్ట మూల్గుతది బిడ్డా," అన్నాడు. "పొగ పోయినంక నేనే ముందు పోయేటోన్ని. బండకు చెవి ఆనిచ్చి వినేది. లోపల్లోపల గుర్రుమంటుంటే, ఇంక జర ఆగుమంటున్నట్టు. సప్పుడు ఆగినంకనే మనోళ్ళను పిలిచేది. ఒక్క మనిషి పోలేదు నా చేతి కింద." అని గోడకు చెవి ఆనించి చూపించాడు. నేను కూడా గోడకు చెవి ఆనించాలనుకున్నాను, సిగ్గేసి ఆగిపోయాను.

సరోజ ఉడకబెట్టిన పల్లికాయలు కాగితంలో కట్టి ఇచ్చింది. వనపర్తి బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని కంప్యూటర్ తెరిచాను. పెంటయ్య గడిలో 'మా రకం చెవుడు: లేదు' అని దిద్ది లెక్క మళ్ళీ నడిపాను. చివరి మూడూ ఉన్న మనిషి అరవై మూడేళ్ళకు కూడా ఉరుము వింటున్నాడు. అంటే ఆయన ఊళ్ళో కోడి పోలేదు. అనుమానం మొత్తం ఇటు తిరిగింది. మొదటి ముగ్గురి మీద తొంభై ఒకటి. గొడుగామె, మూట ఆయన, చెప్పుల్లేని పిల్ల. ఆ ముగ్గురిలో ఎవరో నాకు అక్కర్లేదు. ముగ్గురూ హీనాలోనే ఉన్నారు.

ఆత్మకూరు బస్సులో నిద్ర పట్టలేదు. వెనక సీటు వైపు చూడాలంటే భయమేసింది. ఎలా చెప్పాలి అని దారంతా మాటలు కూర్చుకున్నాను. లెక్క తప్పిందని చెప్పాలా, నేను తప్పానని చెప్పాలా? తొంభై మూడు అని మెట్ల మీద అరిచిన నోటితో తొంభై ఒకటి అని ఎలా అనాలి? చెప్పకపోతే ఏం? అదీ అనుకున్నాను. ఇంకో నాలుగేళ్ళు హాయిగా ఉంటుంది కదా, అనుకున్నాను. కానీ ఒక రోజు కాన్పుల గదిలో గొట్టం ఆనించి, చప్పుడు లేదని, బిడ్డ పోయిందనుకుంటే? చెప్పి తీరాలి.

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. పడమటి వైపు నల్లగా కమ్మింది. అమ్మ వంటింట్లో చపాతీలు చేస్తోంది, నేను వచ్చినట్టు ఆమెకు తెలియదు. హీనా మిద్దె మీద ఉంది. ఆరిన బట్టలు తీసి భుజం మీద వేసుకుంటోంది. నన్ను చూడగానే మొహమంతా వెలిగింది.

"ఆపా! చెప్పకుండ వచ్చినవేంది?"

"పని మీద బిజినేపల్లి వచ్చిన. ఇట్లనే వచ్చిన." పల్లికాయల పొట్లం చేతిలో పెట్టాను. అది ఒకటి ఒలిచి నా నోట్లో పెట్టింది. పొట్లం మళ్ళీ నా చేతికిచ్చింది.

"హీనా, నీకొకటి చెప్పాలె."

అప్పుడు మెరిసింది. మబ్బు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా చీలింది. హీనా చటుక్కున రెండు చేతులతో చెవులు మూసుకుని, భుజాలు ముడుచుకుని, "యా అల్లా! ఎంత పెద్దగ ఉరిమింది ఆపా!" అంది.

ఉరమలేదు. ఇంకా ఉరమలేదు.

అది చెవుల మీంచి చేతులు తీసి, నవ్వి, తీగ మీది అమ్మ దుపట్టా అందుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. అప్పుడొచ్చింది ఉరుము. మిద్దె అదిరింది, కింద రేకుల పంచ గడగడలాడింది, నా చేతిలోని పల్లికాయలు జారి కిందపడ్డాయి. హీనా దుపట్టా అంచులు కలుపుతూనే ఉంది. అంచులు సరిగ్గా కలిశాక తలెత్తి, "ఏందో చెప్పాలన్నవు?" అంది.

నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అది నా మొహం చూసింది, కింద పడ్డ పల్లికాయలు చూసింది, ఆకాశం చూసింది. దానికి అర్థమైంది. మెల్లగా పిట్టగోడ మీద కూర్చుంది.

"ఇప్పుడు ఉరిమిందా?" అంది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"పోయిన రంజాన్ సంది. ముందు బీపీ చూసేటప్పుడు తెలిసింది. గొట్టంల సప్పుడు సన్నబడుకుంట వచ్చింది. అందుకే అంకెల మిషన్ కొన్న. కడుపుల బిడ్డ గుండెకు గూడ డబ్బాల గట్టిగ వినబడే మిషన్ ఉన్నది, దాన్నే పెడుతున్న. నువ్వు పరేషాన్ గాకు."

"మరి నాకు చెప్పవా? నేను తొంభై మూడు అన్నప్పుడన్న చెప్పవా?" నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు. అయినా దాని మీదే అరిచాను.

"నీ గొంతు ఎంత సంబురంగ ఉండె ఆపా ఆ దినం. జర రెండు దినాలు అది నిజమనుకుంటే ఏమైతది అనుకున్న. నేను గూడ అనుకున్న. ఏమో, నా చెవులల్ల గుబిలి ఉన్నదేమో, నీ లెక్కనే నిజమేమో అని."

నా పట్టికలో హీనా వరసలో వినికిడి అనే గడి ఉంది. అందులో 'బాగుంది' అని రాసింది నేను. ఎవరూ పరీక్ష చేయలేదు. ఇరవై ఏడేళ్ళదానికి ఏమవుతుందిలే అని నేనే నింపేశాను. మూడు జిల్లాలు తిరిగి, మూడు వేల రెండు వందల మందిని అడిగి, బిజినేపల్లిలో ముసలాయన చెవులకు మిషన్ పెట్టినదాన్ని, నా చెల్లెల్ని మాత్రం నీకు వినబడుతోందా అని ఒక్కసారి అడగలేదు. ఆ సంగతి దానికి చెప్పి, దాని ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. చిన్నప్పుడు అది నా ఒళ్ళో ఏడ్చినంత ఏడ్చాను.

అది నా జుట్టు సవరిస్తూ, "నా చెవి గూడ నీ లెక్కకు పనికొస్తదా?" అంది.

"అందరికన్నా నువ్వే ఎక్కువ పనికొస్తవు."

"అయితే రేపు మిషన్ పెట్టి చూడు. నా గడిల నిజం రాయి. పిల్లలు పుడుతున్నరు కదా, ఈ మూడు జిల్లాలల్ల. నేనే పట్టుకుంటున్న వాళ్ళను చేతులల్ల. ఎవరికి వస్తదో ముందే తెలిస్తే చెవి మిషన్లన్న చిన్నప్పుడే పెడతరు. అమ్మీ తీరుగ మబ్బును తిట్టుకుంట కూర్చోరు."

చినుకులు మొదలయ్యాయి. బట్టలు తడుస్తున్నాయని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం లేవలేదు. మళ్ళీ మెరిసింది. హీనా ఈసారి చెవులు మూసుకోలేదు. తన చేయి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వచ్చినప్పుడు చెప్పు" అంది.

నేను లోపల లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, అట్లా పదిహేను దాకా. ఉరిమింది. దాని వేళ్ళు గట్టిగా నొక్కాను.

"గింత ఆలస్యంగ వస్తదా?" అంది హీనా.

"మబ్బు దూరం పోతున్నది."

అది పడమటి వైపు చూస్తూ, చేయి తీయకుండా, తర్వాతి మెరుపు కోసం కూర్చుంది.